గీకేసిన తుప్పు తిరిగొచ్చింది

ముందే చెప్పేస్తున్నాను. దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని అమ్మాయిలంతా ఒకే గదిలో దూరి తలుపేసుకుంటే, మేడెక్కి వదులైన రేకు మీద ఇటుక పెట్టి వచ్చినదాన్ని నేను. ఇప్పటికీ ఎవరైనా మా ఇంట్లో ఏదో తిరుగుతోందంటే ముందు ఎలుకల బోను పెట్టుకోమంటాను.

కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాస్తున్నది కాదు. నాకు కోపంగా ఉంది, అందుకని రాస్తున్నాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా "అలిసిపోయి ఉంటావులే" అంటారు, లేదా "ఫొటో తేడాగా వచ్చుంటుంది" అంటారు. నేను అలిసిపోలేదు. ఫొటో తేడాగా రాలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి.

మాది తెనాలి. బీటెక్‌లో మెటలర్జీ చదివాను. కోవిడ్ తగ్గాక మన స్టూడెంట్లు విమానాలకు విమానాలు టొరంటోలో దిగిన ఏళ్లున్నాయి కదా, వాటిలోనే నేనూ దిగాను. ఉక్కు గురించి చదివినదాన్ని సప్లై చెయిన్ డిప్లొమాలో ఎందుకు చేరావని అడగకండి. కన్సల్టెన్సీ వాళ్లు అందులోనే సీటుందన్నారు. ఆ ఏడు మా క్లాసులో ఎవర్ని అడిగినా ఇదే జవాబు.

టొరంటోలోనే ఎటోబికో అనే చోట ఒక బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలం ఉండేవాళ్లం. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్ల వరసలో ఉన్న ఒక వేలం కంపెనీలో నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది. చనిపోయినవాళ్ల ఇళ్లలోంచి వచ్చే సామాన్లను శుభ్రంగా ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టడం నా పని. గడియారాలు, పింగాణీ పళ్లాలు, ఎవరో బతికినన్నాళ్లూ దాచుకున్న బొమ్మలు.

యజమాని పేరు గ్రెగ్. హారిక అనే మూడక్షరాల పేరు పలకడం తన వల్ల కాదని మొదటిరోజే తేల్చేసి నన్ను హ్యారీ అని పిలిచేవాడు. వేలానికి వచ్చే ఫ్రెంచి కుర్చీల పేర్లు మాత్రం గడగడా పలికేవాడు. అక్కడే ట్రక్కులు దించే పని చేసే నరేష్ అన్నది జగిత్యాల. పెళ్లయినవాడు, భార్య వీసా కోసం ఎదురుచూస్తున్నాడు. నన్ను చెల్లె అనేవాడు.

ఆ శరత్కాలంలో టొరంటో దగ్గరి ఒషావాలో చనిపోయిన ఒక ముసలాయన గ్యారేజీ సామాను వచ్చింది. అందులో గోల్ఫ్ కర్రల సంచి ఒకటి. దాంట్లో, కర్రల మధ్యన, పాత దుప్పటి గుడ్డలో చుట్టిన జపాన్ కత్తి.

గ్రెగ్ దాని పిడిని ఊడదీయించాడు. పిడిని పట్టి ఉంచేది ఒక్క చిన్న వెదురు చీల, అంతే. అది తీస్తే పిడి జారి వచ్చేస్తుంది. పిడిలో దూరి ఉండే కత్తి మొదలు కనబడింది, నల్లగా, ముదురు తుప్పు పట్టి. దాని మీద ఉలితో చెక్కిన రెండక్షరాల సంతకం. గ్రెగ్ చెప్పాడని నేను ఫొటోలు తీసి మార్కమ్‌లో ఉండే ఒక పెద్దాయనకు పంపాను. తనాకా గారని, జపాన్ కత్తుల వయసూ విలువా తేల్చే మనిషి.

ఆయన మెయిల్‌కు జవాబు రాయలేదు, నేరుగా ఫోన్ చేశారు. అయిదారు వందల ఏళ్ల నాటిది కావచ్చన్నారు. ఉత్త చేతులతో ఉక్కును తాకవద్దు, దేనితోనూ తుడవవద్దు, ముఖ్యంగా పిడి లోపలి తుప్పు జోలికి అసలు వెళ్లవద్దు, శుక్రవారం నేనే వస్తాను అన్నారు.

ఆ తుప్పు ఎందుకంత ముఖ్యమో నాకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ కత్తుల గురించి మా హీట్ ట్రీట్‌మెంట్ క్లాసులో ఒకే ఒక్క స్లైడు వచ్చింది. పరీక్షకు రాదని మా సారు దాటేశారు. నేను దాటేయలేదు, ఆ సెలవుల్లో కూర్చుని దొరికినదంతా చదివాను.

ఇసుకలో దొరికే ఇనుప రజనును బొగ్గు కొలిమిలో రాత్రింబవళ్లు కాల్చి ఉక్కు ముద్ద తీస్తారు. దాన్ని సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొడతారు. మడిచిన ప్రతిసారీ లోపలి మలినం నిప్పురవ్వలై ఎగిరిపోతుంది. లోపల మెత్తటి ఇనుము పెట్టి, పైన గట్టి ఉక్కు తొడుగుతారు. అప్పుడు అసలు పని. కత్తి ఒంటికి బంకమట్టి పూత పూస్తారు. వీపు వైపు మందంగా, అంచు వైపు పల్చగా. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పల్చటి పూత ఉన్న అంచు చటుక్కున చల్లారి బిగుసుకుపోతుంది. వీపు మెల్లగా చల్లారి, దెబ్బకు తట్టుకునే గుణం నిలుపుకుంటుంది. అదే క్షణంలో కత్తి తనంతట తాను వంపు తిరుగుతుంది. కొలవడానికి ఏ మీటరూ లేదు. కొలిమి దగ్గర చీకటి చేసుకుని, ఇనుము రంగు చూసి, ఇప్పుడు అని ముంచాలి. తప్పితే పగులుతుంది, నెలల కష్టం బూడిద.

గట్టి ఉక్కూ మెత్తటి ఉక్కూ కలిసే చోట అంచు పొడవునా తెల్లటి గీత ఒకటి మిగులుతుంది. పాల మీద మీగడ అంచులా ఉంటుంది. మట్టి పూసిన చెయ్యి ఎలా కదిలిందో ఆ గీత అలా ఉంటుంది కాబట్టి ఒక కత్తి గీత ఇంకో కత్తికి రాదు. సానపట్టేవాడు రాళ్ల మీద వారాల తరబడి కూర్చుని దాన్ని బయటికి తెస్తాడు. పిడి లోపలి మొదలును మాత్రం ఎవరూ ముట్టరు. కమ్మరి ఆకురాయి గీతలు, అతని సంతకం, వాటిమీద పట్టిన తుప్పు అలాగే ఉండాలి, కత్తి వయసుకు సాక్ష్యం అవే. ఆ నల్ల తుప్పు వందల ఏళ్ల గాలికి పట్టింది. యాసిడ్ పోసి తెప్పించిన తుప్పు ఎర్రగా, పొడిపొడిగా రాలుతుంది. ఈ నలుపు ఎవడూ తెప్పించలేడు. ఇది నేను చదువుకున్న చదువు, పుకారు కాదు.

ఇదంతా గ్రెగ్‌కు చెప్పాను. నీ పని ఫొటోలు తీయడం అన్నాడు.

ఆ వారంలోనే దసరా. నరేష్ అన్న ఇండియన్ స్టోర్ నుంచి కుంకుమ పొట్లం తెచ్చి ఫోర్క్‌లిఫ్ట్‌కు బొట్టు పెట్టాడు, ట్రాలీలకు పెట్టాడు, టేపు అంటించే మిషన్‌కు పెట్టాడు. నా కెమెరాకు పెడతానంటూ ఫొటోల గదిలోకి వచ్చాడు. బల్ల మీద కత్తి, పిడి లేకుండా. నేను లైటు సర్దుకుంటున్నాను.

"ఆయుధ పూజ నాడు నిజమైన ఆయుధమే దొరికింది గద చెల్లె, దీనికి పెట్టకుంటే ఎట్ల?"

నేను తల తిప్పేసరికి తడి కుంకుమ బొట్టు సంతకం పక్కన పడిపోయింది. ఎడమవైపు కొంచెం కారి తోకలా సాగింది కూడా.

"నీకేమన్నా బుద్ధుందా అన్నా? దాన్ని ముట్టుకోవద్దని ఆ పెద్దాయన మొత్తుకున్నాడు!"

అన్న ముఖం చిన్నబోయింది. తుడుద్దామంటే తుడవవద్దని కూడా అన్నారాయె. ఆయన వచ్చాక ఆయన చేతనే తీయించుకుందాం, ఏం తిడితే అది పడదాం అనుకుని, ఉన్నది ఉన్నట్టుగా ఇంకో ఫొటో తీసి ఊరుకున్నాను.

సాయంత్రం మూసే ముందు గ్రెగ్ వచ్చాడు. తుప్పు పట్టిన సరుకు ఎవడు కొంటాడు, సంతకం మెరుస్తూ కనబడాలి అన్నాడు. కత్తి తీసుకెళ్లి చెక్కసామాను నునుపు చేసే బెల్ట్ శాండర్ ముందు నిలబడ్డాడు. నరేష్ అన్నను లైటు పట్టుకోమన్నాడు. నేను అడ్డం పడ్డాను. తనాకా గారికి ఫోన్ చేసి మాట్లాడమన్నాను. బతిమాలాను. అతను చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని మిషన్ ఆన్ చేశాడు.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నల్లటి పొడి లేచింది, దాంట్లో కుంకుమ కూడా లేచింది. చూస్తుండగానే ఇనుము తెల్లబడింది. సంతకం మెరవడం మాట దేవుడెరుగు, అరిగిపోయి నీడలా మిగిలింది. ఎవరో ఒక మనిషి, ఏ కొలిమి ముందో చెమటోడ్చి, ఇది నేను చేశాను అని చెక్కుకున్న రెండక్షరాలు. బిందె అడుగు తోమినట్టు తోమేశాడు. నాకు ఏడుపొచ్చింది.

గ్రెగ్ మాత్రం సంతోషంగా ఉన్నాడు. ఇప్పుడు తీయి ఫొటోలు, వెబ్‌సైట్‌లో పెట్టు అన్నాడు. తీశాను, పెట్టాను. తెల్లగా మెరిసే ఇనుము, పక్కన కొలత స్కేలు. ఆ ఫొటోలను అతనే దగ్గరుండి చూసి బాగున్నాయన్నాడు. కత్తిని బల్ల మీద పెట్టి గదికి తాళం వేశాను. ఆ తాళం చెవులు అతని దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. తాళం పడిందో లేదో గుంజి చూసింది కూడా అతనే.

పొద్దున నేనే గది తెరిచాను. కథల్లో చెప్పే వాసన ఏదీ రాలేదు, చలిగాలి తగల్లేదు, ఏ చప్పుడూ లేదు. కిటికీలోంచి ఎండ మామూలుగా పడుతోంది. బల్ల మీద కత్తి పెట్టినచోటే ఉంది.

మొదలు నల్లగా ఉంది.

దగ్గరికెళ్లి చూశాను. అదే ముదురు తుప్పు. ఏటవాలుగా ఆకురాయి గీతలు. ఉలి దిగిన లోతుతో సహా రెండక్షరాల సంతకం. దాని పక్కన కుంకుమ బొట్టు, ఎడమవైపుకు సాగిన తోకతో. అక్కడే ఒక డబ్బా మీద కూర్చున్నాను. తర్వాత లేచి, నా పని నేను చేసినట్టు, ఫొటో తీశాను.

గ్రెగ్ వచ్చి చూశాడు. అతని ముఖంలో ఒక్క క్షణం భయం కనబడింది. ఆ తర్వాత అతనికి తేలిక దారి దొరికింది. నిన్న నా చేతులతో నేను గీకాను, ఇది గీకింది కాదు, కాబట్టి ఇది వేరే కత్తి, అసలుది నువ్వు మార్చేశావు అన్నాడు.

అంటే ఏమిటండీ? బేస్‌మెంట్‌లో ఉండి బస్సులో తిరిగే స్టూడెంట్ పిల్ల ఒక్క రాత్రిలో అయిదారు వందల ఏళ్ల నాటి ఇంకో కత్తిని, అదే సంతకంతో, అదే బొట్టుతో, ఎక్కడినుంచో సంపాదించి తెచ్చి పెట్టిందన్నమాట! గది బయట వరండాలో సీసీ కెమెరా ఉంది. అందులో ఆ రాత్రి రికార్డింగంతా చూశాడు. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. దానికీ జవాబు ఉంది అతని దగ్గర: కెమెరా ఎక్కడుందో నీకు తెలుసుగా అన్నాడు. కత్తి మారిపోయింది అనడానికి అతను చూపించిన సాక్ష్యం ఏదో తెలుసా? ముందురోజు నేను తీసిన ఫొటోలే.

శుక్రవారం ఆ పెద్దాయన వచ్చేలోపు అసలు కత్తి బల్ల మీద లేకపోతే పోలీసులకు ఫోన్ చేస్తానన్నాడు. అప్పటిదాకా పనిలోకి రావద్దన్నాడు.

దొంగతనం కేసు అంటే స్టూడెంట్‌కు ఏమవుతుందో ఇక్కడ చదివే ఎవర్నడిగినా చెబుతారు. స్టడీ పర్మిట్ పోతుంది, వర్క్ పర్మిట్ రాదు, ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ మాట ఎత్తే పని లేదు. పెట్టె సర్దుకుని తెనాలిలో దిగి, కత్తి దొంగతనం చేశానట అని మా నాన్నకు చెప్పుకోవాలి. రూమ్మేట్లలో ఒకమ్మాయి లాయర్ని చూడమంది, ఇంకో అమ్మాయి దిష్టి తీయించుకోమంది. మూడో ఆమె, నా పక్క మంచం అమ్మాయి, నిజంగా తీయలేదు కదా అని అడిగింది. అది నేను జన్మలో మర్చిపోను. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. అమ్మ ఫోన్ చేస్తే జలుబు అని చెప్పాను.

నరేష్ అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, వాడు గీకుతుంటె లైటు పట్టింది నేను. బొట్టు పెట్టింది నేను. ఏడ చెప్పమంటె ఆడ చెప్త."

"నీ ఉద్యోగం పోతుందన్నా. వదిన వీసా ఏమవుద్ది?"

"పోతె పోనీ. నిన్ను దొంగని అంటుంటె నోరు మూసుకుంటె నేను మనిషినేనా?"

శుక్రవారం వెళ్లాను. ఆ గదిలో తనాకా గారు, గ్రెగ్, నరేష్ అన్న, నేను. తనాకా గారు పొట్టి మనిషి, తెల్ల జుట్టు, గుడ్డ సంచి. కత్తిని చేతిలోకి తీసుకునే ముందు దానికి తల వంచి నమస్కరించారు. ఆ మర్యాద చూసి నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

గ్రెగ్ ఆయనకు తన కథంతా చెప్పాడు. ఆయన ల్యాప్‌టాప్‌లో నా ఫొటోలన్నీ పెట్టమన్నారు. ఒషావా నుంచి వచ్చిన రోజువి, బొట్టు పెట్టాక తీసింది, గీకిన తర్వాతవి, మర్నాడు పొద్దున తీసింది. భూతద్దం పెట్టుకుని కత్తినీ ఫొటోలనూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోయారు. అంచు మీది తెల్ల గీతను చివర నుంచి మొదలు దాకా వేలితో గాలిలో గీస్తూ పోల్చారు. మడతలు సరిగ్గా అతుక్కోక మిగిలిన సన్నటి పగులు ఒకటి వీపు దగ్గర ఉంది, దాన్నీ పోల్చారు.

అన్ని ఫొటోల్లో ఉన్నది ఇదే కత్తి అని చెప్పారు. గీకినట్టు కనబడే ఫొటోలో ఉన్నదీ ఇదే. కత్తి మారలేదు. అయితే ఈ మొదలును ఎన్నడూ ఎవరూ గీకలేదు, గీకి ఉంటే నాకు తెలుస్తుంది అన్నారు.

నరేష్ అన్న బయటికెళ్లి శాండర్ కింది దుమ్ము డబ్బా పట్టుకొచ్చాడు. ఆ వారంలో ఎవరూ దాన్ని ఖాళీ చేయలేదు. చెక్కపొడి మీద నల్లటి ఇనుప పొడి పొర, దాంట్లో అక్కడక్కడా ఎర్రటి కుంకుమ నలుసులు.

"సార్, నేను లైట్ పట్టుకున్నాను. ఈయన గీకాడు. నా కళ్లతో చూశాను" అని తనకొచ్చిన ఇంగ్లిష్‌లో గ్రెగ్ ముఖం మీదే చెప్పాడు.

తనాకా గారు డబ్బాలోకి అయస్కాంతం పెట్టి చూశారు. ఇనుప పొడి గుత్తిగా అంటుకొచ్చింది. గీకిన ఇనుము డబ్బాలో ఉంది. గీకని ఇనుము బల్ల మీద ఉంది. డబ్బాలో కుంకుమ ఉంది, కత్తి మీదా కుంకుమ ఉంది. ఆయన ఆ బొట్టేమిటని అడిగారు. తిట్లకు సిద్ధపడి, ఆయుధాలకూ పనిముట్లకూ మేం ఏడాదికోసారి పూజ చేస్తామని చెప్పాను. ఆయన సంచిలోంచి దూది తీసి, బొట్టు దాకా తెచ్చి, ఆగిపోయారు. దూదిని మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు.

ఇప్పుడు గ్రెగ్ ఏమన్నాడో వినండి. నా రక్తం మరిగేది ఇక్కడే. అయితే ఫొటోలో లైటింగ్ తప్పు అయ్యుంటుంది, హ్యారీకి లైట్లు సరిగ్గా పెట్టడం రాదు అన్నాడు. తను గీకనే లేదేమో, గీకుదామనుకుని పైపైన తాకించి ఉంటానేమో అన్నాడు. డబ్బాలో పొడి వేరే దేనిదో అన్నాడు. నిన్నటిదాకా నేను దొంగని. దొంగను కాదని తేలగానే పని చేతకానిదాన్నయ్యాను. సరే, ప్రాబ్లమ్ తీరింది, వెళ్లి పని చూసుకోండి అన్నాడు. సారీ అన్న మాట అతని నోట్లోంచి రాలేదు. ఇవాళ్టిదాకా రాలేదు.

నేను తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. పార్కింగ్‌లో తనాకా గారు కారెక్కుతుంటే వెనకే వెళ్లి, మీరేమనుకుంటున్నారు, ఇదెలా జరిగిందండీ అని అడిగాను. ఆయన గుడ్డ సంచిని పక్క సీట్లో పెట్టుకున్నారు.

"నాకు కత్తుల సంగతే తెలుసమ్మా" అని మాత్రం అన్నారు.

కత్తి వేలంలో ఎవరికో వెళ్లిపోయింది. ఎవరికో నాకు తెలియదు. గీకిన ఫొటోను గ్రెగ్ వెబ్‌సైట్‌లోంచి తీయించేశాడు, నా దగ్గర కాపీ ఉంది. నరేష్ అన్న కూడా తర్వాత ఆ పని మానేశాడు. వదినకు వీసా వచ్చింది.

నా చదువుతో దీన్ని ఎన్ని విధాలుగానో చూశాను. పోయిన ఇనుము తిరిగి రాదు. ఆ తుప్పు ఒక రాత్రిలో పట్టదు. రెండూ జరిగాయి. దయ్యం అనడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు, దయ్యం కాదంటే ఇంకేమిటో చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు.

అది ఎవరైనా కానివ్వండి, ఆ రాత్రి తాళం వేసిన గదిలోకి వచ్చినవాళ్లంటే నాకు భయం లేదు. కోపమే ఉంది. ఇనుముకు జరిగిన అన్యాయం చూసి ఓర్చుకోలేకపోయారు, సరే. చెక్కిన గీత పోకుండా, కారిన బొట్టు కూడా చెదరకుండా ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లారు. తెల్లారాక అదే గదిలో, ఆ కత్తి పక్కనే నిలబెట్టి గ్రెగ్ నన్ను దొంగ అన్నాడు. ఇంత చేయగలిగినవాళ్లకు నేను కనబడలేదా?